ఖాళీ పోస్టుకి స్థానిక టీచరు: పాడేరు ఏజెన్సీ నుంచి ఒక కేస్ స్టడీ

పాడేరు ఏజెన్సీలో, అంటే కొండల్లోని గిరిజన ప్రాంతంలో, ఒక బాలికల ఆశ్రమ ఉన్నత పాఠశాల. పిల్లల గురించి, సిబ్బంది గురించి రాస్తున్నాను కాబట్టి బడి పేరు చెప్పను. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉంది. హాస్టలూ బడీ ఒకే ప్రహరీలో. అక్కడ లెక్కల స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ సబ్జెక్టు టీచరు) పోస్టు ఏళ్ళ తరబడి ఖాళీ. ఫిజికల్ సైన్స్‌కి ఒకాయన వచ్చారు గానీ, నిలదొక్కుకోకముందే డిప్యుటేషన్ మీద కిందికి వెళ్ళిపోయారు. నేను మైదాన ప్రాంతంలో ఒక బీఈడీ కాలేజీలో లెక్కల మెథడాలజీ, అంటే లెక్కలు ఎలా బోధించాలన్నది, చెబుతాను. మా విద్యార్థుల ఇంటర్న్‌షిప్ కోసం బడులు వెతుకుతూ ఆ బడికి వెళ్ళాం. ఆ పోస్టుకి అక్కడి ఊళ్ళ నుంచే మనిషిని తయారుచేయాలన్న ప్రయత్నం అలా మొదలైంది. అందులో ఏది కుదిరింది, ఏది కుదరలేదు అన్నది, ఇలాంటి పని చేస్తున్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

పోస్టు ఖాళీ అంటే పీరియడ్ ఖాళీ అని కాదు. టైంటేబుల్లో లెక్కల గంట ఉంటుంది, ఎవరో ఒకరు వెళ్తారు. ఈ బడిలో బయాలజీ మాస్టారు వెళ్ళేవారు. మనిషి నిజాయితీపరుడు, పిల్లలంటే ప్రాణం. ఆయన ఇంటర్లో బైపీసీ. లెక్కలు ఆయనే పదో తరగతితో వదిలేశారు. సంఖ్యలు, శాతాలు, సాంఖ్యక శాస్త్రం బాగానే లాక్కొచ్చేవారు. త్రికోణమితి, సరూప త్రిభుజాలు వచ్చేసరికి "ఇవి పరీక్షకి అంత అక్కర్లేదు, మిగతావి గట్టిగా చెయ్యండి" అనేవారు. సంభావ్యత, సగటు, గ్రాఫులు పిల్లల చేత పదే పదే చేయించి 35 మార్కులు దాటించేవారు. బడి ఫలితాలు బాగుండేవి. ఫలితాలు బాగున్న బడి గురించి పైనుంచి ఎవరూ ఆరా తీయరు.

విద్యాహక్కు చట్టం ప్రకారం చూసినా ఇక్కడ లోటు కనబడదు. 6 నుంచి 8 తరగతులకి లెక్కలూ సైన్సూ కలిపి కనీసం ఒక టీచరుండాలని చట్టం షెడ్యూలు చెబుతుంది. బయాలజీ మాస్టారు ఉన్నారు, లెక్క సరిపోయింది. మండలం పంపే స్టేట్‌మెంటులో ఆ గడి నిండిపోతుంది.

ఎమ్మెల్యే వచ్చినా, అధికారులు వచ్చినా "పోస్టు నింపండి" అని హెచ్చెం అడుగుతూనే ఉండేవారు. నింపడానికి మనిషి ఎక్కడినుంచి వస్తాడన్నది అసలు ప్రశ్న. ఆ బడిలో పది పాసైన అమ్మాయిలు ఇంటర్లో ఏ గ్రూపులు తీసుకున్నారో ఒకసారి హెచ్చెంతో కూర్చుని రాసుకున్నాం. సీఈసీ, హెచ్ఈసీ, ఒకేషనల్, నర్సింగ్ వైపు వెళ్ళే బైపీసీ కొంత. ఎంపీసీ తీసుకున్న పిల్ల పేరు గుర్తు చేసుకోవడానికి హెచ్చెంకి కాసేపు పట్టింది. ఎంపీసీ లేకపోతే లెక్కలతో బీఎస్సీ లేదు. ఆ బీఎస్సీ లేకపోతే లెక్కల మెథడాలజీతో బీఈడీ లేదు. అది లేకపోతే స్కూల్ అసిస్టెంట్ పోస్టుకి అర్హత లేదు. ఈ తరంలో లెక్కల టీచరు లేని బడి, వచ్చే తరానికి లెక్కల టీచర్ని ఇవ్వలేదు. కొత్త నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ ఇది కొత్త సమస్యలా మాట్లాడతాం గానీ, ఏజెన్సీలో లెక్కల ఖాళీ వారసత్వంగా వస్తుంది.

జీవో 3 ముందు, తర్వాత

ఈ కథలో జీవో నంబర్ 3 రాకుండా పోదు. 2000 జనవరి 10న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన ఆ ఉత్తర్వు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. 1950 జనవరి 26 నుంచి ఆ ప్రాంతంలో ఉంటున్న కుటుంబాల వాళ్ళే స్థానికులు. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న దాన్ని కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళ జోలికి మాత్రం పోలేదు. ఆ తర్వాత ఏజెన్సీకి ప్రత్యేక డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష) కావాలని ఆందోళనలు జరుగుతూనే ఉన్నాయి.

దీని మీద రెండు వైపులా వాదనలు విన్నాను. నేను తిరిగిన బడుల్లో చూసింది చెబుతాను. ప్రాథమిక బడుల్లో జీవో 3 పని చేసింది. ఆ జీవో కింద వచ్చిన స్థానిక ఎస్జీటీలు (ప్రాథమిక తరగతుల టీచర్లు) ఊళ్ళోనే ఉంటారు, పిల్లల మాట వాళ్ళకి తెలుసు, వానాకాలంలో కూడా బడి తెరుస్తారు. హైస్కూల్లో తెలుగు, సోషల్ పోస్టులకీ స్థానికులు దొరికారు. లెక్కలు, ఫిజికల్ సైన్స్ దగ్గర మాత్రం అదే రక్షణ ఉన్నా, అందుకోవడానికి మనుషులు చాలలేదు. రిజర్వేషన్ తలుపు తీసి పెడుతుంది, అంతవరకే. ఇంటర్లో ఎంపీసీ చదివించేది రిజర్వేషన్ కాదు. అలాగని తలుపు మూసేస్తే మైదానం నుంచి లెక్కల టీచర్లు వచ్చి స్థిరపడతారనుకోవడం కూడా ఏజెన్సీలో కొన్నాళ్ళు ఉన్నవాళ్ళు అనుకునే మాట కాదు. బదిలీల్లో మారుమూల బడులకి ఎక్కువ పాయింట్లు ఇస్తారు కదా అంటారు. ఆ పాయింట్లు దేనికి పనికొస్తాయి? కొండ దిగడానికి. దిగడం ఎంత తేలికైతే ఎక్కేవాళ్ళు అంత తొందరగా దిగుతారు.

ఇప్పుడు నడుస్తున్న మరో పద్ధతి కేంద్రం చేసే నియామకం. ఏకలవ్య మోడల్ రెసిడెన్షియల్ స్కూళ్ళకి, 740 బడుల కోసం 38,800 మంది టీచర్లను, సిబ్బందిని తీసుకుంటామని 2023 కేంద్ర బడ్జెట్లో చెప్పారు. దేశమంతటికీ ఒకే పరీక్ష. దాని ఫలితంగా హిందీ రాష్ట్రాల అభ్యర్థులు దక్షిణాది ఏజెన్సీలకి వచ్చారు. సబ్జెక్టు వచ్చినవాళ్ళే. కానీ తెలుగే రెండో భాష అయిన పిల్లలకి, తెలుగు రాని మాస్టారు ఇంగ్లీషులో బీజగణితం చెబితే అది ఎక్కడికి చేరుతుంది? చాలామంది సొంత రాష్ట్రాలకి బదిలీలు అడగడం మొదలుపెట్టారు. వాళ్ళని తప్పుపట్టను. ఇల్లూ వాకిలీ వదిలి వెయ్యి మైళ్ళు వచ్చినవాళ్ళు ఇంకేం చేస్తారు.

అభ్యర్థుల్ని వెతకడం

సాధారణంగా బీఈడీ కాలేజీలు అభ్యర్థుల్ని వెతకవు. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ కౌన్సెలింగ్ నుంచి ఎవరొస్తే వాళ్ళే. పైగా బీఈడీ అనగానే చాలామందికి 'నాన్ అటెండింగ్' మాటే గుర్తొస్తుంది. ఫీజు కట్టి పరీక్షకి వచ్చి వెళ్ళిపోయే కోర్సు అని పేరు పడింది. అందుకని మేం బీఎస్సీ రెండో సంవత్సరంలో ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళాం. ఏజెన్సీ మండలాల నుంచి వచ్చి ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదువుతున్న పిల్లలు. వాళ్ళని పట్టుకోవడం కష్టం కాలేదు, ఎందుకంటే వాళ్ళు అతి కొద్దిమంది.

పోటీ ఎవరితోనో అప్పుడు తెలిసింది. కెమిస్ట్రీతో బీఎస్సీ చేసిన కుర్రాళ్ళకి పరవాడ, అచ్యుతాపురం ఫార్మా కంపెనీలున్నాయి. డిగ్రీ చేతికి రాకముందే షిఫ్టు డ్యూటీ, కంపెనీ బస్సు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకి లక్షకు పైగా పోస్టులు ఒక్కసారి పడ్డాయి. పరీక్ష రాసిన నెలకే ఉద్యోగం. మనం చెప్పేదేమో రెండేళ్ళ బీఈడీ, ఆపైన టెట్ అనే అర్హత పరీక్ష, ఆపైన డీఎస్సీ. ఒక అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళ నాన్న అంతా విని ఒకే మాట అడిగాడు.

"నోటిఫికేషన్ ఎప్పుడొస్తాది మాస్టారూ?"

"చెప్పలేనయ్యా."

"మరి అప్పటిదాకా?"

ఆ "అప్పటిదాకా"కి జవాబు చెప్పలేని ఏ నియామక పథకమూ ఏజెన్సీలో నడవదు. ఆ అమ్మాయి విషయంలో జవాబు వాళ్ళమ్మ దగ్గర దొరికింది. ఊళ్ళో ఎస్జీటీగా పనిచేసే స్థానిక టీచరమ్మ ఇల్లు పెంకుల నుంచి శ్లాబుకి మారడం ఆవిడ చూసింది. "ఆవిడలా ఉంటే చాలు" అంది. మా కాలేజీ బ్రోషరు చేయలేని పని ఆ టీచరమ్మ ఇల్లు చేసింది.

అమెరికాలో ఇలాంటి బడుల కోసమే రాబర్ట్ నోయిస్ పేరిట నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటుంది. 2002 నాటి చట్టంతో వచ్చింది. లెక్కలు, సైన్సు చదివే డిగ్రీ విద్యార్థికి ముందే డబ్బిస్తారు. స్కాలర్‌షిప్ తీసుకున్న ఒక్కో ఏడాదికి రెండేళ్ళు అవసరం ఎక్కువున్న బడుల్లో పనిచేయాలి, లేకపోతే అది అప్పుగా మారుతుంది. మా సమావేశాల్లో ఎవరో ఒకరు ఈ బాండ్ ఆలోచన తెస్తుంటారు. నాకు అందులో నచ్చింది డిగ్రీలో ఉండగానే పట్టుకోవడం. బాండ్ మాత్రం మా పిల్లలకి కుదరదు. అక్కడ బాండ్ రాసినవాడికి ఖాళీ ఎదురుగా ఉంటుంది, ఇక్కడ నోటిఫికేషన్ ఎప్పుడో తెలియదు. ప్రభుత్వం పిలవకపోయినా అప్పు మాత్రం నెత్తిన ఉంటుందంటే ఏ తండ్రి సంతకం పెడతాడు?

చివరికి 2017–19 బ్యాచ్‌లో స్థానిక అభ్యర్థులు ముగ్గురు చేరారు. ఇద్దరు లెక్కలు, ఒకరు ఫిజికల్ సైన్స్.

తయారీ

ముగ్గురూ బీఎస్సీ పాసైనవాళ్ళే. అవకలన సూత్రాలు గడగడా చెప్పగలరు. ఏడో తరగతి పుస్తకం ఇచ్చి, భిన్నాన్ని భిన్నంతో భాగించేటప్పుడు రెండోదాన్ని తిరగేసి ఎందుకు గుణిస్తాం అంటే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇది ఏజెన్సీ పిల్లల లోపం అనుకోకండి, మా మైదానం విద్యార్థులూ అంతే. తేడా ఏమిటంటే మైదానం బడిలో పిల్లలకి ట్యూషన్ ఉంటుంది, అన్నయ్య ఉంటాడు, యూట్యూబ్ ఉంటుంది. ఆశ్రమ బడిలో ఆ టీచరొక్కరే ఆధారం. అందుకే మొదటి ఏడాది మెథడాలజీ పీరియడ్లలో సగం ఆరు నుంచి ఎనిమిది తరగతుల లెక్కలే మళ్ళీ చేశాం. సిలబస్‌లో ఉన్న 'విలువల బోధన' లాంటి అధ్యాయాలు వాళ్ళే చదువుకుంటారు.

అసలు తయారీ జరిగింది ఇంటర్న్‌షిప్‌లో. 2015 నుంచి రెండేళ్ళ బీఈడీలో కనీసం 20 వారాలు బడిలో గడపాలి, అందులో 16 రెండో ఏడాదిలో. చాలా కాలేజీలు ఆటో దూరంలో ఉన్న బడులకే పంపుతాయి. మేం గిరిజన సంక్షేమ శాఖ అనుమతితో ఈ ముగ్గురినీ ఏజెన్సీకి పంపాం. ఇద్దరు అమ్మాయిలు నేను చెబుతున్న ఈ బడికి, హాస్టల్లోనే బస. ఫిజికల్ సైన్స్ అబ్బాయి అదే మండలంలో ఉన్న బాలుర బడికి.

పగటి పాఠాల కంటే సాయంత్రం స్టడీ అవర్ ఎక్కువ నేర్పింది. పగలు బోర్డు మీద ఉన్నది పిల్లలు రాసుకుంటారు, అందరి నోట్సూ ఒకేలా ఉంటుంది, ఎవరికి ఏం రాదో కనిపెట్టలేం. రాత్రి వరండాలో చాప మీద కూర్చుని లెక్క చేస్తున్న పిల్ల పక్కన కూర్చుంటే అసలు సంగతి బయటపడుతుంది. ఎనిమిదో తరగతి పిల్ల 618ని 6తో భాగించి 13 రాసింది. ఆరులో ఆరు ఒకసారి, ఒకటిలో ఆరు పోదు కాబట్టి ఎనిమిదిని దించుకుంది, పద్దెనిమిదిలో మూడు సార్లు. మధ్యలో సున్నా పెట్టాలన్నది ఎప్పుడో జారిపోయింది. మా ఇంటర్న్ వెంటనే తప్పు దిద్దలేదు. "618 రూపాయలు మీ ఆరుగురికీ పంచితే తలా 13 వచ్చాయా? అయితే మొత్తం ఎంతయిందో కూడు" అంది. పిల్ల కూడింది, 78. కాసేపు ఆలోచించి, "మిగతా డబ్బులు ఎవరు పట్టుకెళ్ళారు టీచర్?" అంది. పక్కనున్న వాళ్ళందరూ నవ్వారు. తర్వాత వందలు, పదులు, ఒకట్లు వేరు చేసి పంచారు. పదుల్లో ఒక్కటే ఉంది, ఆరుగురికి రాదు, అందుకని అక్కడ సున్నా. 103. ఆ గుంపు సున్నా మరిచిపోవడం ఆ తర్వాత నేను చూడలేదు.

భిన్నాల పాఠానికి ఆ అమ్మాయే దారి కనుక్కుంది. సంతలో ఇప్పుడు తూకమే ఎక్కువ. ఇళ్ళల్లో మాత్రం చోళ్ళు (రాగులు), సామలు కుంచంతో కొలవడం ఇంకా ఉంది. కుంచానికి రెండు అడ్డలు, అడ్డకి రెండు మానికలు, మానికకి రెండు తవ్వలు, తవ్వకి రెండు సోలలు. పిల్లలు పావు, పావులో సగం కలిపితే రెండు పన్నెండో వంతు అని రాశారు. పైనవి పైన, కిందవి కింద కూడేయడం. ఆమె మానికెడు చోళ్ళు పోసి, మీద తవ్వెడు పోసింది. "మొత్తం ఎన్ని తవ్వలు?" మూడు. "కుంచానికి ఎన్ని తవ్వలు?" ఎనిమిది. మూడు ఎనిమిదో వంతు. అక్కడితో ఆగలేదు. రెండు పన్నెండో వంతు అంటే ఆరో వంతు కదా, మానిక అంటే నాలుగో వంతు, మానికలో ఇంకా పోస్తే తగ్గిందేమిటి అని అడిగింది. ఆ ప్రశ్న వేయడం మా కాలేజీలో ఏ లెసన్ ప్లాన్ రికార్డులోనూ లేదు. ఆ ఏడాది ఎక్స్‌టర్నల్ పరీక్షకి వచ్చిన మేడమ్ మాత్రం "టీచింగ్ ఎయిడ్ అంటే చార్టు ఉండాలి కదా, చార్టేది?" అన్నారు. చోళ్ళు చార్టు కిందకి రావు.

బాలుర బడిలో ఫిజికల్ సైన్స్ అబ్బాయికి ఎదురైంది వేరు. ల్యాబ్ గదిలో పరుపులు, ట్రంకు పెట్టెలు. ఉన్న సామాను బయటికి తీసి, నీటి మరుగు స్థానం చూపిద్దామని స్టవ్ వెలిగించాడు. నేను వెనక బెంచీ మీద ఉన్నాను. నీళ్ళు తెర్లుతున్నాయి, థర్మామీటరు 97 దగ్గర ఆగిపోయింది. ఎంతసేపు చూసినా 97. పుస్తకంలో 100. అబ్బాయికి చెమటలు పట్టాయి. "థర్మామీటరు పాడైంది, మీరు 100 అని రాసుకోండి" అన్నాడు. పిల్లలు రాసుకున్నారు.

ఆ రోజు సాయంత్రం వంటగది దగ్గర టీ తాగుతూ ఈ సంగతే మాట్లాడుకుంటున్నాం. వంటావిడ మధ్యలో అందుకుంది. నర్సీపట్నంలో వాళ్ళ చెల్లి ఇంట్లో పప్పు తొందరగా ఉడుకుతుందట, ఇక్కడ అదే పప్పు ఎంతకీ ఉడకదట. అబ్బాయి గ్లాసు కింద పెట్టేశాడు. పాడేరు చుట్టుపక్కల ఎత్తు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్లు. అంత ఎత్తులో గాలి పీడనం తక్కువ, నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. థర్మామీటరు నిజమే చెప్పింది. పుస్తకంలో ఉన్నది సముద్రమట్టం దగ్గరి మాట. మర్నాడు అతను క్లాసుకి వెళ్ళి, "నిన్న రాసిన 100 కొట్టేయండి, మన ఊళ్ళో 97" అన్నాడు. ఆ క్లాసు అంత గోలగా ఎప్పుడూ లేదు. లంబసింగిలో ఎంతుంటుంది, విశాఖ బీచ్‌లో ఎంతుంటుంది, కుక్కర్లో ఎంతుంటుంది, అన్నీ అడిగారు. నాకు ఇందులో కనిపించేది ఇది: అతనికి ఈ సూత్రం బీఎస్సీలో తెలుసు, పరీక్షలో రాశాడు కూడా. దాన్ని తన ఊరికి తగిలించి చూడమని ఎవరూ అడగలేదు. కొండ మీది బడికి టీచర్ని తయారుచేయడంలో సగం పని ఇదే.

భాష గురించి క్లుప్తంగా. పిల్లల్లో కొందరి ఇంటి మాట ఆదివాసీ ఒడియా, కొందరిది కువి, కొందరిది తెలుగు. పుస్తకం ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు అయ్యాక పనికి మరో మెట్టు చేరింది. స్థానిక టీచరుకి కూడా అన్ని భాషలూ రావు. వచ్చిన ఒక్కటీ చాలా దూరం తీసుకెళ్తుంది, ఎందుకంటే పిల్ల తన మాటలో గొణిగిన సందేహం ఆమె చెవిన పడుతుంది.

పరీక్ష, పోస్టింగు

2019లో బీఈడీ అయింది. 2018 డీఎస్సీ నోటిఫికేషన్ వీళ్ళ చదువు పూర్తికాకముందే వెళ్ళిపోయింది. 2020లో జీవో 3 పోయింది, దాని కింద పరీక్ష రాసే అవకాశం వీళ్ళకి ఒక్కసారీ రాలేదు. టెట్ 2018 తర్వాత మళ్ళీ 2022లోనే పెట్టారు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకి వచ్చిన నోటిఫికేషన్ రద్దయింది. చివరికి 2025లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ. ఈ తేదీలన్నీ వరుసగా పెట్టి చూస్తే, ఆ తండ్రి అడిగిన "అప్పటిదాకా" ఎంత పొడుగో తెలుస్తుంది.

ముగ్గురిలో ఒక అమ్మాయి 2019లోనే సచివాలయం ఉద్యోగంలో చేరిపోయింది. మంచి ఉద్యోగం, సొంత మండలం. ఆమె దగ్గర మాకు ఫిర్యాదేమీ లేదు. కుంచంతో భిన్నాలు చెప్పిన అమ్మాయి మాత్రం అదే ఆశ్రమ బడిలో సీఆర్టీగా, అంటే కాంట్రాక్టు రెసిడెన్షియల్ టీచరుగా చేరింది. ఫిజికల్ సైన్స్ అబ్బాయి కొన్నాళ్ళు అచ్యుతాపురంలో పనిచేసి, నైట్ షిఫ్టులు పడక వెనక్కి వచ్చి గెస్ట్ టీచరయ్యాడు.

డీఎస్సీ పరీక్షకి తయారవడం మళ్ళీ వేరే కథ. స్కూల్ అసిస్టెంటుకి రాత పరీక్ష 80 మార్కులు, టెట్ వెయిటేజీ 20. ఆ 80లో 40 సబ్జెక్టుకి, 20 మెథడాలజీకి, మిగతాది జీకే, సైకాలజీ వగైరా. ఇంటర్వ్యూ లేదు, డెమో లేదు. క్లాసులో ఎలా చెబుతారన్నది ఎవరూ చూడరు. ఇంటర్వ్యూ పెడితే సిఫార్సులు మొదలవుతాయన్న భయం నాకూ ఉంది కాబట్టి దీన్ని పూర్తిగా తిట్టలేను. కానీ దాని ఫలితం ఇదీ: అవనిగడ్డలోనో విశాఖలోనో కోచింగ్ తీసుకున్న అభ్యర్థి ఒకవైపు, పగలు పాఠాలు, రాత్రి హాస్టల్ డ్యూటీ చేసి ఫోన్లో సిగ్నల్ దొరికినప్పుడు మాక్ టెస్టు రాసే సీఆర్టీ మరోవైపు. 'స్థానికుడు' అంటే ఇప్పుడు ఉమ్మడి విశాఖ జిల్లా మొత్తం. బీచ్ రోడ్డు కూడా అందులోనే ఉంది.

మేం చేసింది చిన్న పని. ఆదివారాలు ఫోన్లో కంటెంట్ ప్రశ్నలు. టెట్‌లో లెక్కల అభ్యర్థి కూడా సైన్సు రాయాలి కాబట్టి ఈ అమ్మాయికి అబ్బాయి జీవశాస్త్రం, రసాయనశాస్త్రం చెప్పాడు, అతనికి ఈమె లెక్కలు చెప్పింది. అమ్మాయికి 2025లో ఎస్టీ కోటాలో లెక్కల స్కూల్ అసిస్టెంట్ వచ్చింది. అబ్బాయికి కొద్దిలో పోయింది.

ఆమెకి పోస్టింగు అదే ఏజెన్సీలో, వేరే మండలంలో జిల్లా పరిషత్ హైస్కూల్లో వచ్చింది. ఆశ్రమ బడి గిరిజన సంక్షేమ శాఖది, ఆ యాజమాన్యం వేరు, ఆ ఖాళీల జాబితా వేరు. అన్నేళ్ళు పాఠం చెప్పిన బడి నుంచి ఆమెను తీసేసి, ఆ బడికి అదే డీఎస్సీలో ఎంపికైన మైదానం యువకుణ్ణి వేశారు. కాగితం మీద రెండు ఖాళీలూ నిండాయి. "నన్నిక్కడే ఉంచితే పోయేది కదా సార్" అని ఫోన్ చేసింది. ఎవరికి చెప్పాలో నాకూ తెలియలేదు. ఏ అధికారీ కావాలని చేసింది కాదు. ర్యాంకు, రోస్టరు (రిజర్వేషన్ల వరుస), కౌన్సెలింగు, ఈ మూడింట్లో ఎక్కడా 'ఈ మనిషికి ఈ పిల్లలు తెలుసు' అన్న గడి లేదు.

నిలబెట్టేది ఏది

కొత్త మాస్టారు సబ్జెక్టులో గట్టివాడు. త్రికోణమితి ఆ బడిలో పూర్తిగా జరగడం ఇదే మొదలని హెచ్చెం చెప్పారు. అతనికి భాషా, అక్కడి జీవితమూ కొత్త. ఈ అమ్మాయి అతనికి ఫోన్లో అందుబాటులో ఉంటుంది. ఎనిమిదో తరగతి క్లాసులో ఎవరికి భాగహారం జారుతుంది, ఎవరు అడక్కుండా ఊరుకుంటారు అన్నీ రాసి ఇచ్చి వెళ్ళింది. మైదానం నుంచి వచ్చినవాళ్ళని వెళ్ళగొట్టాలని నేననను. ఇలా అప్పగించి వెళ్ళే మనిషి ఉంటే వాళ్ళు కూడా నిలుస్తారు.

ఆశ్రమ బడుల్లో టీచర్లు ఎందుకు వెళ్ళిపోతారని అడిగితే అందరూ రోడ్డు, జ్వరాలు, సిగ్నల్ అంటారు. నిజమే. నేను గమనించిన ఇంకో కారణం డిప్యూటీ వార్డెన్ పని. హాస్టల్ బాధ్యత టీచర్లలోనే ఒకరికి అప్పగిస్తారు. చురుగ్గా, లెక్కలు సరిగ్గా రాసే మనిషి కావాలి కాబట్టి అది తరచూ లెక్కల టీచరు మీదే పడుతుంది. ఇక బియ్యం, గుడ్లు, గ్యాస్ బండ, కాస్మెటిక్స్ పంపిణీ, ఆన్‌లైన్ హాజరు, జ్వరమొచ్చిన పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్ళడం. రాత్రి ఏ పిల్లకి కడుపునొప్పి వచ్చినా తలుపు కొట్టేది ఆ గదే. పిల్లలకి ఆ మనిషి అవసరమే. కానీ మండలానికి దొరక్క దొరక్క దొరికిన లెక్కల టీచరు గుడ్ల రిజిస్టరు దగ్గర కూర్చుంటే, అంత కష్టపడి నింపిన పోస్టు మళ్ళీ సగం ఖాళీ అయినట్టే. లెక్కలు, సైన్సు టీచర్లకి ఈ బాధ్యత ఇవ్వొద్దని హెచ్చెంని అడిగాం, ఆయన ఒప్పుకున్నారు. దానికి జీవో అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు. పక్క బడిలో అడిగితే "మరి ఎవరికివ్వమంటారు?" అన్నారు, ఆ ప్రశ్నా న్యాయమైనదే. నిజానికి హాస్టల్‌కి వేరే వార్డెన్ ఉండాలి.

ఫలితం గురించి అడుగుతారు. ఆమె సీఆర్టీగా ఉన్న ఏళ్ళలో ఆ బడి నుంచి ఎంపీసీ తీసుకున్న అమ్మాయిలు ఉన్నారు, కొద్దిమందే. ఒకరు బీఎస్సీ చదువుతోంది. ఒకరు ఇంటర్ మొదటి ఏడాది ఫెయిలై మానేసింది, జూనియర్ కాలేజీలో లెక్కలు గెస్ట్ లెక్చరర్ మీద నడుస్తున్నాయి. హైస్కూల్లో గండి పూడిస్తే ఇంటర్లో గండి బయటపడింది. ఒక బడిలో ఒక టీచరుతో తేలే విషయం కాదిది. మా లాంటి బీఈడీ కాలేజీ ఒక్కటి చేసేది కూడా కాదు. ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) దగ్గర, ఏజెన్సీలో డిగ్రీ చదువుతున్న ఎంపీసీ పిల్లల పేర్లు ఒక్కచోట రాసి ఉంచమని అడిగాం. ఏ మండలం, ఏ భాష, ఎప్పుడు డిగ్రీ అవుతుంది, అంతే. నియామకం మొదలవ్వాల్సింది నోటిఫికేషన్ రోజున కాదు, ఆ జాబితా రోజున.

ఈ విద్యా సంవత్సరం ఇంటర్న్‌షిప్‌కి ఆశ్రమ బడికి పంపడానికి లెక్కల్లో ఇద్దరున్నారు, ఇద్దరూ మైదానం వాళ్ళు, కొండ మీద ఉండటానికి ఒప్పుకున్నారు. మొదటి రెండు వారాలు వాళ్ళకి ఆ అమ్మాయి బడిలోనే డ్యూటీ వేస్తున్నాం. ఫిజికల్ సైన్స్‌కి మాత్రం స్థానిక అభ్యర్థి ఈసారి దొరకలేదు. గెస్ట్ టీచరుగా ఉన్న అబ్బాయి వచ్చే డీఎస్సీకి చదువుతున్నాడు, తేదీ ఇంకా రాలేదు.